పుష్ప మేడం లెక్కలో అనంతం

పీహెచ్‌డీ దరఖాస్తులో గైడు పేరు రాయవలసిన గడిలో పుష్ప తన శిష్యురాలి పేరు రాసింది. రాసి, ఒకసారి చదువుకుని, నవ్వు ఆపుకోలేక పెన్ను పక్కన పెట్టేసింది.

"ఏమైంది మేడం?" అంది బల్లకి అవతల కూర్చున్న ఆస్రా.

"ఏం లేదు. అప్పట్లో నీ రికార్డు మీద నేను సంతకం పెట్టేదాన్ని. ఇప్పుడు నా కాగితాల మీద నువ్వు పెట్టాలి."

"మీరు నా రికార్డు రెండుసార్లు తిప్పి పంపారు. స్కేలు పెట్టకుండా గీతలు గీశానని. నేను మర్చిపోలేదు."

పుష్పకి నలభై ఏడేళ్లు. డాబాగార్డెన్స్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పంతొమ్మిదేళ్లుగా ఫిజిక్సు చెబుతోంది. ఆస్రాకి ముప్ఫై ఒకటి. పాతనగరం పిల్ల. పుష్ప దగ్గర ఇంటర్ చదివి, ఆ తర్వాత ఎక్కడెక్కడో చదివి, ఇప్పుడు యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసరు. న్యూట్రాన్ నక్షత్రాల లోపలి పదార్థం మీద ఆమె పని.

సంతకాలు అయ్యాక ఇద్దరూ కలిసి ఆఫీసుకి వెళ్లారు. "ఆస్రా, నువ్విక్కడ సీలు వేయించెయ్, నేను జిరాక్సు తీయించుకొస్తాను" అంది పుష్ప అలవాటుగా. గుమస్తా తలెత్తి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గైడుని పట్టుకుని నువ్వు అనే స్కాలర్‌ని ఆయన సర్వీసులో చూసి ఉండడు. పుష్ప నాలిక కరుచుకుని, "అదే, ఆస్రా మేడంగారూ..." అని సర్దుకోబోయింది.

బయటికొచ్చాక ఆస్రా నడక ఆపేసింది. "మేడం, మీరు నన్ను మేడం అంటే నేను గైడుగా ఉండను. చెప్పేస్తున్నాను."

"మరి నలుగురూ ఉన్నప్పుడు?"

"నలుగురూ ఉన్నప్పుడు నన్ను పిలవకండి. దగ్గండి."

చివరికి గదిలో నువ్వు, గది దాటితే మీరు అని ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందాన్ని పుష్ప వారానికి రెండుసార్లయినా తప్పేది.

ఇదంతా మొదలైంది అంతకు నాలుగు నెలల ముందు. ఆస్రాని జూనియర్ కాలేజీ వాళ్లు పిల్లలతో మాట్లాడమని పిలిచారు. ప్రసంగం అయ్యాక స్టాఫ్ రూములో టీ తాగుతూ, "మేడం, మీరు పీహెచ్‌డీ చేసేవారని విన్నాను, నిజమా?" అని అడిగింది.

నిజమే. పుష్ప ఇరవై నాలుగో ఏట అదే డిపార్టుమెంటులో చేరి, నాలుగేళ్లు కేంద్రక పదార్థం మీద పనిచేసింది. న్యూట్రాన్లు, ప్రోటాన్లు అంచనేదే లేని సముద్రంలాగా అంతటా సమానంగా పరుచుకుని ఉంటాయనుకుంటే, అందులో ఒక్కో కణానికి ఎంత శక్తి ఉంటుందన్నది లెక్క. జవాబు ప్రయోగాల వల్ల ఈ రంగంలో అందరికీ తెలిసిందే. కేంద్రక శక్తిని కొలిచే ప్రమాణంలో అది మైనస్ పదహారుకి దగ్గరలో రావాలి. రెండు కణాలు ఒకే బిందువు దగ్గర తగిలితేనే వాటి మధ్య బలం పనిచేస్తుందనుకుంటే లెక్క చాలా సులువవుతుంది. ఆ జవాబుని మెట్టు మెట్టుగా మెరుగుపరచుకుంటూ పోవాలి. మొదటి మెట్టు దాకా అంతా సవ్యంగానే వచ్చింది. రెండో మెట్టులోనే చిక్కు. రెండు కణాలు ఢీకొని, ఎంతెంత వేగానికైనా ఎగిరి, మళ్లీ వెనక్కి వచ్చే అవకాశాలన్నీ కూడాలి. కూడితే మొత్తం ఎక్కడా ఆగలేదు. అనంతానికి పోయింది.

పుష్ప మళ్లీ చేసింది. మళ్లీ పోయింది. పదకొండు నోటు పుస్తకాలు నిండాయి. కమిటీ ముందు నిలబడ్డ రోజున భీమశంకరరావుగారనే ప్రొఫెసరు కళ్లజోడు తీసి, "ఈ అనంతం నీ లెక్కలో ఉందా అమ్మా, ప్రకృతిలో ఉందా?" అని అడిగారు. ఆయన కోపంగా ఏం అడగలేదు. కానీ పుష్ప కాగితాలు సర్దుకుని బయటికొచ్చేసింది. ఆ ఏడే కూతురు పుట్టింది, గైడు రిటైరయ్యారు, జూనియర్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. అడిగినవాళ్లకి ఆ మూడు కారణాలూ చెప్పేది. అసలు కారణం ఒక్కటే. తన లెక్కలో ఎక్కడో తప్పుంది, అది తనకి దొరకలేదు. తప్పు ఎక్కడుందో కూడా కనిపెట్టలేనిదాన్ని ఇక నేనేం పరిశోధన చేస్తాను అనుకుంది.

ఆ నోటు పుస్తకాలు ఉన్నాయని తెలిసి ఆస్రా ఊరుకోలేదు. మల్కాపురంలో పుష్ప ఇంటికే వచ్చి, గుడ్డ సంచీలో పెట్టుకుని పట్టుకుపోయింది. నాలుగో రోజు మధ్యాహ్నం, పుష్ప స్టాఫ్ రూములో కేరేజీ విప్పి అన్నం తింటుండగా ఆ సంచీతోనే లోపలికొచ్చింది. కూర్చోలేదు కూడా.

"మేడం, మీ లెక్కలో తప్పు లేదు."

"ఏంటీ?"

"మొత్తం మళ్లీ చేశాను. కంప్యూటర్ మీద కూడా వేసి చూశాను. అనంతం కాని భాగంలో మీరు చేతితో చేసిన ఇంటిగ్రల్‌కీ దానికీ నాలుగో దశాంశం దాకా తేడా లేదు. అనంతం రావాలి మేడం. అది నిజంగానే వస్తుంది. బలం ఒక్క బిందువు దగ్గరే ఉందనుకున్నాం కదా. బిందువుకి సైజు లేదు. సైజు లేనిదాన్ని గుద్దుకుంటే వేగానికి హద్దేముంటుంది?"

పుష్ప చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. పంతొమ్మిదేళ్లు ఒక తప్పు చేసినదానిలా బతికింది. ఆ తప్పు లేనే లేదు. ఏడుపొస్తుందేమో అనుకుంది గానీ, వచ్చింది నవ్వు. పక్క బల్ల దగ్గర కెమిస్ట్రీ ఆవిడ "ఏమిటండీ?" అంటే "నా లెక్క కరెక్టేనటండీ!" అని చెప్పింది. ఏ లెక్కో ఆవిడకి తెలియదు, అయినా ఆవిడా నవ్వింది. బెల్లు కొట్టాక పుష్ప సెకండియర్ క్లాసుకి వెళ్లి ముప్పావుగంట ఉత్సాహంగా పాఠం చెప్పింది. చివరి అయిదు నిమిషాల్లో ఒక అమ్మాయి లేచి, "మేడం, ఇది ఫస్టియర్ పాఠం" అంది.

అలా వచ్చి జూన్‌లో ఆ కాగితాల మీద పేరు రాసింది.

మొదటి రోజే ఆస్రా ఒక షరతు పెట్టింది. "నేనిచ్చేదాకా ఎవరి పేపర్లూ చదవకండి. ముందు మీరే దీనితో కాస్త తేల్చుకోండి."

"అదేం పద్ధతి?"

"గైడు చెప్పిన పద్ధతి."

కూడిక ఎలాగూ ఆగడం లేదు కాబట్టి మనమే ఎక్కడో ఆపాలి. ఇంత వేగం దాటినవాటిని లెక్కలోకి తీసుకోం అని ఒక హద్దు పెట్టాలి. దాన్నే కటాఫ్ అంటారు. పుష్ప ఒకటి దగ్గర పెట్టి చూసింది. మైనస్ ఇరవై ఏడు వచ్చింది. రెండు దగ్గర పెడితే ముప్ఫై ఎనిమిది. అయిదుకి డెబ్భై ఒకటి. రావలసింది పదహారు. హద్దు ఎంత దూరం జరిపితే జవాబు అంత కిందికి దిగిపోతోంది. అనంతమైతే పోయింది గానీ, దాని స్థానంలో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు చెప్పుకోగల జవాబు మిగిలింది. ఇది మరీ సిగ్గుచేటుగా తోచింది పుష్పకి.

"ఏ హద్దు సరైంది, ఆస్రా?"

"మీరేమనుకుంటున్నారు?"

"నేననుకునేది అడగడానికి నువ్వెందుకు? చెప్పవచ్చు కదా!"

ఆస్రా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. కొండ దిగువన సముద్రం మీద ఓడలు రేవులో బెర్తు కోసం వరసగా లంగరేసి ఉన్నాయి. వాటిని లెక్కపెడుతున్నట్టు నిలబడింది. పుష్పకి కోపం వచ్చింది. ఆ పూట ఇంటికెళ్లే బస్సులో కాన్వెంట్ జంక్షన్ దాకా ఆ కోపంతోనే వచ్చింది.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం ఉదయం పుష్ప ఇంట్లో మంచం మీద పదకొండు నోటు పుస్తకాలూ పరుచుకుని కూర్చుంది. భర్త ఎల్లాజీ పోర్టులో క్రేన్ ఆపరేటరు, పుష్పకి సొంత మేనత్త కొడుకు. ఆదివారం సెలవు దొరికితే వంట అతనిదే. జాలరిపేట నుంచి తెచ్చిన వంజరం చేప ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టిస్తూ వంటింట్లోంచి కేకేశాడు.

"ఏటే, ఆ పుస్తకాలు ఇయేల కూడా తియ్యాలేటి? ఉల్లిపాయలు తరిగెట్టు."

పుష్ప ఒక పుస్తకం మొదటి పేజీ చూస్తోంది. పేజీ తలకట్టున ఎర్ర సిరాతో ఒక పెట్టె, అందులో రెండు అంకెలు. ఒకటి నాలుగంకెలది, ముందు మైనస్ గుర్తు. రెండోది అయిదంకెలది. బలం ఎంతో చెప్పే అంకెలు అవి. తర్వాతి పేజీ తిప్పింది. అదే పెట్టె, అవే అంకెలు. రెండో పుస్తకం తీసింది. మూడోది తీసింది. నాలుగేళ్లపాటు ప్రతి పేజీ మీదా, గుండ్రటి చేతిరాతలో, అవే రెండు అంకెలు. ఎవరో పెద్దవాళ్లు ఎప్పుడో అచ్చేసిన పట్టికలోంచి ఎత్తి రాసుకున్నవి. ఇంటిగ్రల్‌ని వందసార్లు అనుమానించింది, కూడికల్ని అనుమానించింది, తన బుర్రనే అనుమానించింది. ఆ రెండు అంకెల్ని మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు. వాటిని ముట్టుకోవచ్చని కూడా అనుకోలేదు.

ఆ పట్టిక వేసినవాళ్లు ఆ అంకెల్ని ఎలా తెచ్చారు? మొదటి మెట్టు దగ్గరే ఆగి, జవాబు పదహారు వచ్చేలాగా తెచ్చారు. అంటే తర్వాతి మెట్లలో రావలసిందంతా ముందే ఆ అంకెల్లో కలిసిపోయి ఉంది. తను దాని మీద రెండో మెట్టు మళ్లీ కలిపింది.

"బావా!" అని అరిచింది.

ఎల్లాజీ పసుపు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏటైనాది? ఏటి, పురుగేటైనా...?"

"కాదు బావా. నాను ఒకే దాన్ని రెండుసార్లు కలిపీసినాను."

ఎల్లాజీ కాసేపు ఆలోచించాడు. "అంటే లారీ బరువు తీయకుండా బొగ్గు కాటా ఏసినట్టా?"

"అదే! హద్దు ఎక్కడ పెడితే లారీ అంత బరువు. హద్దు మార్చినప్పుడల్లా ఈ రెండంకెలూ మళ్లీ సరిసూసుకోవాల. నానేటి సేసినాను, హద్దు మార్చినాను, అంకెలు అలాగే ఉంచీసినాను."

"మరి మార్చీయ్. ఎవులొద్దన్నారు?"

ఎవరూ వద్దనలేదు. అదే పుష్పకి ఆశ్చర్యంగా ఉంది. ల్యాప్‌టాప్ తెరిచింది. కటాఫ్ ఒకటి దగ్గర పెట్టి, జవాబు పదహారు దగ్గరికి వచ్చేలా, అది రావలసిన సాంద్రత దగ్గరే వచ్చేలా రెండంకెల్నీ కొత్తగా వెతకమని ప్రోగ్రాముకి చెప్పింది. దొరికాయి. రెండుకీ వెతికింది. అయిదుకీ, పదికీ. ప్రతిసారీ కొత్త అంకెలు వచ్చాయి, పాతవాటితో పోలికే లేదు. మధ్యాహ్నానికి, సాంద్రతతో పాటు శక్తి ఎలా మారుతుందో చూపే గీతలన్నీ, ఒక్కో హద్దుకి ఒకటి చొప్పున, ఒకే బొమ్మలో వేసింది.

తెర మీద ఒక్కటే గీత కనిపించింది.

మిగిలినవి ఏమయ్యాయా అని కంగారుపడి, పెద్దది చేసి చూసింది. అన్నీ ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి దాక్కుని ఉన్నాయి.

ఎల్లాజీ పళ్లెంలో అన్నం, పులుసు పెట్టుకుని వచ్చి, తెర వైపూ పెళ్లాం మొహం వైపూ చూశాడు. "బాగొచ్చిందేటి?" అన్నాడు. పుష్ప అతని భుజం మీద రెండు గుద్దులు గుద్దింది. పులుసు కాస్త నోటు పుస్తకం మీద ఒలికింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

ఆస్రాకి ఫోన్ చేసి గబగబా చెప్పుకుపోయింది. అవతల నుంచి కిసకిస నవ్వు.

పుష్పకి వెలిగింది. "నీకు ముందే తెలుసు!"

"తెలుసు మేడం. మామూలు కేంద్రక పదార్థానికి ఇలా చేసినవాళ్లు ఉన్నారు. పేపర్లున్నాయి. రేపిస్తాను."

"మూడు వారాలు నన్ను ఏడిపించి..."

"మీరు క్లాసులో ఏం చేసేవారో గుర్తుందా? బోర్డు మీద లెక్క రాసి, కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తుండేవారు. ఎవరో ఒకరు అరిచేదాకా ఇటు తిరిగేవారు కాదు. నేను ఎన్నిసార్లు అరిచానో! ఆ అరుపు మీ నోట వినాలని ఉంది నాకు. అందుకే నేనూ కిటికీ దగ్గర నిలబడ్డాను."

పుష్ప తిడదామనుకుంది. "దొంగ పిల్లా" అని మాత్రం అంది.

ఆ పేపర్లు చదివాకే అసలు పని మొదలైంది. న్యూట్రాన్లూ ప్రోటాన్లూ సమానంగా ఉన్న పదార్థానికీ, వట్టి న్యూట్రాన్లకీ అంకెలు సరిపెట్టడం ఒక ఎత్తు. రెండూ సమానం కాని, మధ్యరకం పదార్థం ఇంకో ఎత్తు. దానికి ఏ హద్దు పెట్టినా ఒకే జవాబు వస్తుందో రాదో చూద్దామన్నది పుష్ప ఆలోచనే. ఆస్రాకి అది తట్టలేదు. తట్టలేదని ఆస్రా ఒప్పుకున్న రోజున పుష్ప సింహాచలం వెళ్లి అప్పన్నకి దండం పెట్టుకొచ్చింది.

రెండంకెలు కాస్తా అయిదయ్యాయి. ఇంటిగ్రల్ రెండు పేజీల నుంచి పదిహేడు పేజీలకి పెరిగింది. మధ్యలో ఒక ప్లస్సు బదులు మైనస్సు పడి, నెల రోజుల పని మొత్తం వృథా అయింది. ఈసారి తప్పు నిజంగా తప్పే, దాన్ని పట్టుకున్నదీ పుష్పే. పట్టుకున్నందుకు ఆస్రా డిపార్టుమెంటు కేంటీన్లో బజ్జీలు ఇప్పించింది.

సెమినారు ఫిబ్రవరిలో పెట్టారు. రిటైరైన భీమశంకరరావుగారిని కూడా పిలిచారని తెలిసి పుష్ప ముందురోజు సరిగా భోంచెయ్యలేదు. హాల్లో ముప్ఫైమంది దాకా వచ్చారు. ఎల్లాజీ పొద్దుటి షిఫ్టు దిగి, యూనిఫాంతోనే వచ్చి, చివరి బెంచీలో కూర్చున్నాడు. మొదటి వరసలో పెద్దాయన. జుట్టంతా తెల్లబడింది, కళ్లజోడు మందం పెరిగింది.

పుష్ప మొదలుపెట్టింది. రెండు నిమిషాల్లో భయం పోయింది. ఎదురుగా ఉన్నది క్లాసే కదా, పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నదే కదా. హద్దు జరిపితే గీతలు విడిపోయి కిందికి జారిపోవడం చూపించింది. అంకెలు సరిచూస్తే అన్నీ ఒక్కచోటికి రావడం చూపించింది. ఎల్లాజీ అక్కడ ఒక్కడే గట్టిగా చప్పట్లు కొట్టాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఇంకా అవలేదని పుష్ప చేత్తో సైగ చేసింది.

భీమశంకరరావుగారు చెయ్యెత్తారు. "అమ్మా, నువ్వు సరిపెట్టావు కాబట్టి సరిపోయింది. అందులో వింతేముంది? సరిపెట్టనిది చూపించు."

పుష్ప మొహం విప్పారింది. ఆ ప్రశ్న ఎవరూ అడగరేమో అని ఇంతసేపూ లోపల బెంగగా ఉంది ఆమెకి.

"తర్వాతి బొమ్మ అదే సార్. ఒక ప్రోటానుకి రెండు న్యూట్రాన్లు ఉన్న పదార్థం. దీనికి నేను ఏ అంకెనీ సరిపెట్టలేదు."

అయిదు గీతలు. నాలుగు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అయిదోది, కటాఫ్ ఇరవై దగ్గరది, సాంద్రత బాగా ఎక్కువైన చోట మాత్రం పక్కకి తప్పుకుంది.

"అది ఎందుకు తప్పుకుంటోంది?"

"తెలీదు సార్. నా మోడల్ అక్కడిదాకా పనికిరాదేమో. అందుకే దాన్ని దాచలేదు."

పెద్దాయన తల ఊపారు. ఊపుతూనే ఉన్నారు. "మరి నేనొకప్పుడు నిన్నొకటి అడిగాను."

"గుర్తుంది సార్. అనంతం లెక్కలో ఉందా, ప్రకృతిలో ఉందా అని. రెండిట్లోనూ లేదు సార్. మనం రాసుకున్న బలంలో ఉంది. మనకి తెలియని దగ్గరి దూరాల సంగతి తెలిసినట్టు రాసుకున్నాం. ఆ తెలియనిదంతా ఈ అంకెల్లోకి సర్దేస్తే, తెలిసిన చోట జవాబు చెక్కుచెదరదు."

ఆయన లేచి నిలబడ్డారు. "అమ్మా, ఆ రోజు జవాబు నాకూ తెలీదు. నీకు తెలుసేమోనని అడిగాను. నువ్వు వెళ్లిపోయాక గానీ నాకు అర్థం కాలేదు, నేనడిగింది నీకు తిట్టులా వినపడిందని." ఆయన నవ్వేశారు. "ఆలస్యమైనా మంచి జవాబు తెచ్చావు. వచ్చే సోమవారం ఎమ్మెస్సీ పిల్లలకి ఇదే చెప్పు. నేనూ వచ్చి కూర్చుంటాను."

అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. ఆస్రా అందరికంటే ముందు లేచింది. పుష్ప సంతోషం పట్టలేక, హాలంతా వినేలా, "ఆస్రా, నువ్వు కూర్చోవే!" అనేసింది. తలుపు దగ్గర నిలబడ్డ ఆఫీసు గుమస్తాతో సహా అందరూ గొల్లుమన్నారు.

బయట మెట్ల మీద భీమశంకరరావుగారు ఎల్లాజీని పట్టుకున్నారు. "మీకెలా అనిపించిందండీ?"

ఎల్లాజీ చేతులు కట్టుకుని, "నాకేటీ తెలీదు సార్. గానీ ఆ గీతలన్నీ ఒకదాని మీదొకటి పడిపోనాయి సూడండి, అప్పుడు మా ఆవిడ మొకం సూసినాను. పెళ్లిలో కూడా అలా నవ్వనేదు సార్" అన్నాడు.

బండి మీద బీచ్ రోడ్డంట వస్తుంటే ఎండ ఇంకా చురుక్కుమంటోంది. గాలికి పుష్ప చీర కొంగు టపటపలాడుతోంది. ఎల్లాజీ తల కాస్త వెనక్కి తిప్పి, "ఐతే లెక్క అయిపోయినట్టేనా?" అని అడిగాడు.

"రెండో మెట్టు అయింది బావా. మూడో మెట్టు ఉంది."

"అక్కడేటుంది?"

"అక్కడ మళ్లీ అనంతం వస్తాది. దీనికంటే పెద్దది."

ఎల్లాజీ "అమ్మబాబోయ్" అన్నాడు. వెనక కూర్చున్న పుష్ప అప్పటికే అతని వీపు మీద వేలితో ఏదో ఇంటిగ్రల్ గీస్తోంది.